క్యారవాన్ వెనక నుంచి తోస్తోందా? నాబ్ తిప్పే ముందు ఇవి చూడండి

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో ఉంటాం. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొన్నాం. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, ఎలక్ట్రిక్ డ్రమ్ బ్రేకులు. ప్లేటు మీద ఏటీఎమ్ (సామానుతో సహా క్యారవాన్ ఉండగల గరిష్ఠ బరువు) 2500 కిలోలని ఉంది. లాగేది ఇసుజు ఎమ్‌యూ-ఎక్స్. అమ్మినాయన తన పాత కారులోంచి తీసిన బ్రేక్ కంట్రోలర్ (కారులోంచి క్యారవాన్ బ్రేకులకి కరెంటు పంపే పరికరం) కూడా ఇస్తే డ్యాష్‌బోర్డు కింద బిగించుకున్నాం. ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తూ బ్రేకు మీద కాలు పెడితే వెనక్కి గుంజినట్టు ఆగుతోంది. హైవే మీద గట్టిగా బ్రేకు వేస్తే క్యారవాన్ మమ్మల్ని ముందుకి తోస్తోంది. కంట్రోలర్ మీద బ్రేకు బలం సర్దుకునే నాబ్ పెంచితే మొదటి బాధ ఎక్కువవుతోంది, తగ్గిస్తే రెండోది. కొత్త కంట్రోలర్ కొనాలా? ఏ రకం? ఎంతలో పెట్టుకోవాలి? "అంత పెద్ద బండికి కారు బ్రేకులే చాలు" అంటాడు మా స్నేహితుడు. అప్పుడప్పుడు మా బావమరిది కారుతో కూడా లాగాల్సి వస్తుంది. దసరా వేళకి వచ్చే స్కూలు సెలవుల్లో హాల్స్ గ్యాప్ వెళ్దామని ఉంది.

సమాధానం: మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే మీ దగ్గరున్నది టైమ్ డిలే రకం కంట్రోలర్ అని దాదాపు చెప్పేయొచ్చు. నిర్ధారించుకోవడం తేలిక. క్యారవాన్ తగిలించి, బండి కదలకుండా ఉన్నప్పుడు పెడల్ నొక్కి పట్టుకోండి. కంట్రోలర్ మీద అంకెగానీ దీపంగానీ మెల్లమెల్లగా పెరిగి మీరు పెట్టిన స్థాయికి చేరి ఆగిందంటే అది టైమ్ డిలేనే. మీరు ఎంత గట్టిగా నొక్కారన్నది దానికి తెలియదు. బ్రేకు లైటు వెలిగి ఎంతసేపైందో అదొక్కటే తెలుసు. అందుకే ట్రాఫిక్‌లో పెడల్ మీద కాలు ఊరికే ఆనించి రెండు మూడు సెకన్లు ఉంచినా క్యారవాన్‌కి పూర్తి బ్రేకు పడిపోతుంది. హైవే మీద ముందు బండి హఠాత్తుగా ఆగితే, మీరు పెడల్ మొత్తం తొక్కినా క్యారవాన్ బ్రేకు తన తీరికలో తాను పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 22 మీటర్లు పోతాం. రెండు సెకన్ల ఆలస్యం అంటే 44 మీటర్ల పాటు పల్లంలో బండి ఎద్దుల మెడల మీదికి తోసుకొచ్చినట్టే. ఈ గుణం నాబ్‌తో పోయేది కాదు, కంట్రోలర్ మార్చాల్సిందే.

మీ స్నేహితుడి మాట ముందు పక్కన పెట్టండి. మన ఊళ్ళలో ట్రాక్టరు ట్రాలీకి విడిగా బ్రేకు ఉండటం అరుదు కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే. కానీ ట్రాక్టరు వేగం వేరు, 100 కిలోమీటర్ల వేగంలో రెండున్నర టన్నులు వేరు. వంపులో ఆ బరువు టోబాల్ (కారు వెనక క్యారవాన్ తగిలించే గుండు) దగ్గర పక్కకి తోస్తే కారు వెనక భాగం తిరిగిపోతుంది. చట్టం కూడా ఒప్పుకోదు. ఆస్ట్రేలియాలో లెక్క జీటీఎమ్ మీద, అంటే తగిలించి ఉన్నప్పుడు క్యారవాన్ చక్రాల మీద పడే బరువు మీద. మీ ఏటీఎమ్ 2500 కిలోలు. అందులో 230 కిలోలు టోబాల్ మీద పడుతున్నాయనుకుంటే జీటీఎమ్ 2270. అది 2000 దాటితే అన్ని చక్రాలకీ బ్రేకులుండాలి, వాటిని డ్రైవరు సీట్లోంచి వాడగలగాలి, క్యారవాన్ ఊడిపోతే తనంతట తానే బ్రేకు పడి కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచే బ్రేక్‌అవే ఏర్పాటు ఉండాలి.

కొత్తది కొనేటప్పుడు ప్రొపోర్షనల్ రకమే తీసుకోండి. దీని లోపల కారు వేగం ఎంత గబుక్కున తగ్గుతోందో కొలిచే సెన్సర్ ఉంటుంది. మీరు మెల్లగా ఆపితే మెల్లగా, గట్టిగా ఆపితే వెంటనే గట్టిగా క్యారవాన్‌కి కరెంటు పంపుతుంది. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి రెండు: రెడార్క్ టో-ప్రో ఎలీట్, టెకోన్షా ప్రాడిజీ పీ3. పీ3కి తెర ఉంటుంది, ఎన్ని వోల్టులు వెళ్తున్నాయో అంకెల్లో చూపుతుంది, పనిచేయనప్పుడు కారణం వెతకడానికి అది బాగా పనికొస్తుంది. కానీ మొత్తం డబ్బా డ్యాష్‌బోర్డు కింద, ప్రయాణించే దిక్కుకి నేరుగా బిగించాలి. అది మోకాలు తగిలే చోటుకి, ఎయిర్‌బ్యాగ్ దారికి అడ్డం రాకూడదు. టో-ప్రోలో డబ్బా ఎక్కడో లోపల ఏ కోణంలోనైనా దాగిపోతుంది, బయటికి చిన్న నాబ్ ఒక్కటే కనిపిస్తుంది. దానికి ప్రొపోర్షనల్‌తో పాటు యూజర్ కంట్రోల్డ్ అనే రెండో పద్ధతి ఉంది. అందులో ఎంత గట్టిగా తొక్కినా మీరు నాబ్‌తో పెట్టిన మేరకే బ్రేకు పడుతుంది. కంకర రోడ్ల మీద, ఇసుకలో అది మేలు. మీ వాడకానికి మా మొగ్గు టో-ప్రో వైపే. ఏది కొన్నా నాబ్ మాత్రం మీ ఎడమ చేతికి, కళ్ళు రోడ్డు మీదే ఉంచి అందుకోగల చోట ఉండాలి. ఎందుకో తర్వాత చెప్తాం.

కంట్రోలర్ మార్చినా వైరింగ్ సరిగా లేకపోతే డబ్బు దండగ. ఈ రెండు రకాల్లోనూ నాలుగు వైర్లుంటాయి: నలుపు బ్యాటరీ ప్లస్, తెలుపు ఎర్త్, ఎరుపు బ్రేకు లైటు సంకేతం, నీలం క్యారవాన్ బ్రేకులకి. పుస్తకంతో ఒకసారి సరిచూసుకోండి. నలుపు వైరు ఫ్యూజు పెట్టెలోని ఏదో దానికి కలిపేయకుండా నేరుగా బ్యాటరీ నుంచి, బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల సర్క్యూట్ బ్రేకర్ పెట్టి తేవాలి. తనంతట తానే మళ్ళీ కలుసుకునే రకం బ్రేకర్ పెట్టండి. ఫ్యూజు అయితే ఒకసారి పోతే బ్రేకులు పోయినట్టే. ఎరుపు వైరు విషయంలో మీ కారుకి ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఉంది. అడాప్టివ్ క్రూయిజ్ గానీ ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు గానీ పనిచేసినప్పుడు మీరు పెడల్ తొక్కకపోయినా బ్రేకు లైట్లు వెలుగుతాయి. పెడల్ స్విచ్ నుంచి మాత్రమే సంకేతం తీసుకుంటే ఆ వేళల్లో క్యారవాన్ బ్రేకు పడకపోవచ్చు. లైట్లు ఏ కారణంతో వెలిగినా కరెంటు వచ్చే వైరు నుంచి తీసుకోమని బిగించేవాళ్ళకి చెప్పండి.

వైరు మందం దగ్గర చాలామంది మోసపోతారు. ఇక్కడ ఆటో వైరుని పైతొడుగుతో కలిపి కొలుస్తారు. "4 మి.మీ. వైరు"లో రాగి 1.84 చదరపు మి.మీ. మాత్రమే, "6 మి.మీ. వైరు"లో దాదాపు 4.6. నాలుగు చక్రాల బ్రేకులు పూర్తిగా పడినప్పుడు సుమారు 15 ఆంపియర్లు కావాలి. బ్యాటరీ నుంచి కారు వెనక క్యారవాన్ వైర్లు కలిసే ప్లగ్గు దాకా వైరు 8 మీటర్లు అనుకుంటే, 4 మి.మీ. వైరులో దారిలోనే 1.1 వోల్టు తరిగిపోతుంది, 6 మి.మీ. వైరులో 0.45. ఎర్త్ వైరు కూడా అంతే సన్నగా ఉంటే నష్టం రెండింతలు. ఎర్త్‌ని బోల్టుతో ఎక్కడో తుప్పు పట్టిన చాసిస్‌కి తగిలించి వదిలేస్తే ఇంకా ఎక్కువ. క్యారవాన్ బ్రేకులోని అయస్కాంతానికి అందే కరెంటు తగ్గినకొద్దీ బ్రేకు పట్టు తగ్గుతుంది, మీరు దాన్ని నాబ్ మీద పెంచుకుంటూ పోతారు. నీలం, తెలుపు రెండూ ప్లగ్గు దాకా 6 మి.మీ. తగ్గకుండా వేయించండి. ప్లగ్గులో పిన్ను 5 బ్రేకు, పిన్ను 3 ఎర్త్. ఏడు పిన్నుల చదును ప్లగ్గుకీ పన్నెండు పిన్నుల దానికీ ఇవి ఒకటే.

ఇక అసలు పని క్యారవాన్ చక్రాల దగ్గర ఉంది. కంట్రోలర్ పంపే కరెంటుతో డ్రమ్ములోని అయస్కాంతం డ్రమ్ము లోపలి ముఖానికి అతుక్కుంటుంది. తిరిగే డ్రమ్ము దాన్ని తనతో పాటు ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పుకి అయస్కాంతం బిగించిన చేయి కదిలి షూలను విచ్చదీసి డ్రమ్ముకి ఒత్తుతుంది. షూకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైతే ఆ చేయి తన కదలికంతా సందు పూడ్చడానికే ఖర్చు చేసుకుంటుంది, ఒత్తడానికి మిగలదు. నాలుగు చక్రాల్లో రెండు ఇలా వదులుగా ఉంటే మిగతా రెండూ భారం మోస్తాయి. మీరు నాబ్ పెంచుతారు, బిగుతుగా ఉన్న ఆ రెండూ లాక్ అవుతాయి. సెకండ్ హ్యాండ్ క్యారవాన్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. దీనికి ఏ కంట్రోలరూ మందు కాదు.

సరిచేయడం కష్టం కాదు. క్యారవాన్‌ని కారుకి తగిలించే ఉంచి, కారు హ్యాండ్‌బ్రేకు వేసి (క్యారవాన్‌ది కాదు), అవతలి పక్క చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టండి. జాకీ ఇరుసు గొట్టానికి కాదు, చాసిస్ రైలు కింద పెట్టి ఎత్తి, స్టాండు కూడా పెట్టండి. చక్రం వెనక బ్యాకింగ్ ప్లేటు అడుగున ఒక పొడుగాటి సందు ఉంటుంది, సాధారణంగా రబ్బరు మూత వేసి ఉంటుంది. అది తీసి టార్చి వేస్తే లోపల పళ్ళున్న చిన్న స్టార్ చక్రం కనిపిస్తుంది. చపటా స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కో పన్నూ తిప్పుతూ, మధ్యమధ్య చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. బాగా బిగిసి చక్రం బరువుగా కదిలేదాకా బిగించి, తర్వాత ఎదురు దిక్కున వదులు చేయండి. చక్రం స్వేచ్ఛగా తిరుగుతూ, సన్నగా రాసుకునే చప్పుడు మాత్రం వినిపిస్తుంటే చాలు. ఎప్పుడూ ముందుకి తిరిగే దిక్కులోనే తిప్పి చూడండి. నాలుగు చక్రాలకీ ఒకే రకంగా చేయాలి. కొత్త షూలు వేసిన మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఒకసారి, ఆపైన 5,000 కిలోమీటర్లకోసారి గానీ ఏడాదికోసారి గానీ ఇది మళ్ళీ చేయాల్సిందే.

చక్రం గాల్లో ఉండగానే ఇంకో మనిషిని కారులో కూర్చోబెట్టి కంట్రోలర్ మీది మాన్యువల్ బ్రేకు (పెడల్ తొక్కకుండా క్యారవాన్ బ్రేకు ఒక్కటే వేసేది) నొక్కమనండి. మీరు చేత్తో తిప్పుతున్న చక్రం అప్పటికప్పుడు ఆగాలి. చప్పుడు లేని చోట చెవి దగ్గర పెడితే అయస్కాంతం సన్నగా గుయ్‌మనడం వినిపిస్తుంది. కంట్రోలర్ కరెంటుని విడివిడి తునకలుగా పంపుతుంది కాబట్టి వచ్చే శబ్దమది. ఏ చక్రం దగ్గర అది వినిపించలేదో అక్కడ అనుమానించండి. మల్టీమీటర్ ఉంటే క్యారవాన్ ప్లగ్గు తీసేసి, ఆ చక్రం దగ్గర రెండు వైర్లూ విప్పి అయస్కాంతం రెసిస్టెన్స్ కొలవండి. పది, పన్నెండు అంగుళాల బ్రేకులకి 3 నుంచి 4 ఓమ్‌ల మధ్య ఉండాలి. ఏమీ చూపకపోతే తీగ తెగింది. ఒకటో, ఒకటి కంటే తక్కువో చూపితే లోపల షార్ట్ అయింది. క్లాంప్ మీటర్ ఉన్నవాళ్ళకి ఇంకా సులువు: నాబ్ చివరిదాకా పెట్టి మాన్యువల్‌గా నొక్కి నీలం వైరు మీద చూడండి. 3.2 ఓమ్‌ల అయస్కాంతాలు నాలుగూ పనిచేస్తుంటే 15 ఆంపియర్ల చుట్టూ చూపుతుంది, 11 చూపితే ఒకటి పోయినట్టు. నిలబడి ఉన్న బండిలో ప్రొపోర్షనల్ కంట్రోలర్ పెడల్‌కి చాలా తక్కువ కరెంటే ఇస్తుంది. అది చూసి పాడైందనుకుని గాబరా పడకండి, పరీక్ష ఎప్పుడూ మాన్యువల్ బ్రేకుతోనే.

డ్రమ్ము ఎలాగూ ఒకసారి విప్పించండి. పాత బండి, లోపలేముందో అమ్మినాయనకీ తెలిసుండదు. బేరింగు సీలు కారి షూల లైనింగ్ మీద గ్రీజు పడితే కడిగి వాడే ప్రయత్నం చేయొద్దు, షూలు మార్చాల్సిందే. అయస్కాంతం ముఖం ఒక పక్కకి వాలుగా అరిగితే చేయి గానీ దాని బుషింగు గానీ అరిగిందని అర్థం. బ్రేకు వేసినప్పుడు క్యారవాన్ ఒక పక్కకి లాగితే ఆ ఎదుటి పక్క ఒక బ్రేకు పనిచేయడం లేదు. బ్రేకు పట్టినప్పుడల్లా తగ్గుతూ హెచ్చుతూ కుదిపితే డ్రమ్ము గుండ్రం తప్పింది.

షూలు కొత్తవైతే అరగదీసి కుదర్చాలి. 65 కిలోమీటర్ల వేగం నుంచి 30కి, మాన్యువల్ బ్రేకుతోనే, 20 నుంచి 30 సార్లు తగ్గించండి. ఒక్కోదాని మధ్య చల్లారడానికి సమయమివ్వాలి. ఖాళీ రోడ్డు చూసుకోండి.

నాబ్ ఎంతలో పెట్టాలని అడిగారు. ఇంకొకరి అంకె మీకు పనికిరాదు, వాళ్ళ అయస్కాంతాలు వేరు, బరువు వేరు. పద్ధతి చెప్తాం. ప్రయాణానికి వెళ్ళేటట్టే సామాను సర్దండి, నీళ్ళ ట్యాంకులు నింపండి. 80 లీటర్లవి రెండుంటే అక్కడే 160 కిలోలు. టైర్లలో గాలి సరిచూడండి. కంట్రోలర్ కొత్తదైతే క్యారవాన్ తగిలించి కొన్నిసార్లు బ్రేకు వేస్తూ నడిపితేగానీ టో-ప్రో కారు ఏ దిక్కుకి వెళ్తోందో నేర్చుకోదు. అప్పటిదాకా దాని దీపం మెరుస్తూనే ఉంటుంది, కంగారు పడొద్దు. కొన్ని కిలోమీటర్లు మెల్లగా బ్రేకులు వేస్తూ నడిపి డ్రమ్ములు వెచ్చబడనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు సరిపోయిందనుకున్న అంకె వెచ్చబడ్డాక గుంజుతుంది.

ఇప్పుడు చదునుగా ఉన్న, పొడి తారు రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో, నాబ్ మధ్యలో పెట్టి, పెడల్ ముట్టుకోకుండా మాన్యువల్ బ్రేకు మాత్రం నొక్కండి. క్యారవాన్ ఒక్కటే కారుని వెనక్కి పట్టి ఆపుతున్నట్టు తెలియాలి. తెలియకపోతే అరగడి పెంచి మళ్ళీ చేయండి. రోడ్డు పక్కన ఒక మనిషిని నిలబెట్టి చక్రాలు చూడమనండి, కారులోంచి మీకు కనిపించవు. ఏదైనా చక్రం తిరగడం ఆగి జారితే, మళ్ళీ తిరిగేదాకా తగ్గించండి. ఆ తగ్గించిన చోటు మీది. తర్వాత 60లో పెడల్‌తో మామూలుగా ఆపి చూడండి, కారూ క్యారవాన్ ఒకే బండిలా ఆగాలి. మెల్లటి వేగంలో ఇంకా చిన్నగా గుంజుతుంటే అరగడి తగ్గించుకోవచ్చు, అంతకు మించొద్దు. ట్యాంకులు ఖాళీ అయ్యాక, వాన పడ్డప్పుడు, కంకర రోడ్డెక్కినప్పుడు తగ్గించాలి. ఇవన్నీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

హాల్స్ గ్యాప్ చుట్టూ కొండ రోడ్లున్నాయి. దిగుడు మొదలయ్యే ముందే గేరు తగ్గించండి, బ్రేకు మీద కాలు ఆనించి దిగకండి. దిగాక ఆగిన చోట నాలుగు హబ్బుల దగ్గరకీ చేయి తీసుకెళ్ళి వేడి పోల్చండి, ముట్టుకోవద్దు. ఒకటి మరీ వేడిగా ఉంటే అది బిగుతుగా ఉంది, ఒకటి చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు.

నాబ్, మాన్యువల్ బ్రేకు చేతికందాలన్నది దీనికి: పెద్ద లారీ దాటినప్పుడో, పక్కగాలికో క్యారవాన్ ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగు కదలకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, మాన్యువల్ బ్రేకు కొద్దిగా నొక్కితే క్యారవాన్ వెనక్కి లాగబడి తిన్నగా అవుతుంది. ఇంటి దగ్గర ఖాళీ రోడ్డు మీద చేయి అలవాటు చేసుకోండి.

బ్రేక్‌అవే పరీక్ష వారం ముందే చేయండి. క్యారవాన్ ప్లగ్గు ముందు పీకేయాలి, లేకపోతే ఆ కరెంటు వెనక్కి వచ్చి కంట్రోలర్ పాడవొచ్చు. తర్వాత బ్రేక్‌అవే స్విచ్‌లోని పిన్ను లాగి కారుని మెల్లగా ముందుకి కదపండి. చక్రాలు బిగుసుకుపోవాలి. వెంటనే పిన్ను తిరిగి పెట్టేయండి, లేకపోతే బ్రేక్‌అవే కోసం ఉన్న చిన్న బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఆ పిన్ను తీగ కొక్కెం సేఫ్టీ చెయిన్లకి కాదు, కారుకే విడిగా తగిలించండి.

ఇక మీ బావమరిది కారు. అందులో కూడా ఒక కంట్రోలర్ బిగించొచ్చు, లేదా కారులో ఏమీ బిగించకుండా క్యారవాన్ మీదే అమర్చి బ్లూటూత్‌తో నడిపే ఎలెక్‌బ్రేక్స్ లాంటిది తీసుకోవచ్చు. తరచూ మార్చి లాగేవాళ్ళకి రెండోది సుఖం. అయితే దాన్ని ఫోన్‌తో కాకుండా, దాంతో వాడుకోవడానికి అమ్మే రిమోట్‌ని చేతికందే చోట పెట్టి వాడండి, ఊపు వచ్చినప్పుడు ఫోన్ తెర వెతుక్కునే సమయం ఉండదు. మీ కారులో ఒక కంట్రోలర్, క్యారవాన్ మీద ఇంకోటి రెండూ పెట్టకండి, ఒకటే ఉండాలి. ఆయన కారుకి ఎంత బరువు లాగే అర్హత ఉందో, ప్లగ్గు మీ దానితో కలుస్తుందో ముందే చూసుకుని, మీ అంకెల్ని నమ్మకుండా ఆ 40 కిలోమీటర్ల పరీక్ష ఆయన కారుతో మొదటి నుంచి చేయండి.